పిలావు డేగిసాలో సముద్రపు కొయ్య

మా ఇంట్లో కమిషనరంటే నేను కాదు, చేప. ముందుగది కిటికీ దగ్గర గాజుతొట్టిలో ఉంటాడు. ఆఫ్రికా తీరాన మా టాంగా ఊరు మొత్తం తన కిందే ఉన్నట్టు మూతి బిగించి తిరుగుతాడు. అదే తొట్టిలో పెళ్ళికొడుకని ఓ చిన్న చేప ఉంది. వచ్చిన రోజే కమిషనరు వాడి తోక కొరికేశాడు. అప్పట్నుంచి వాడు తొట్టిలోని గాలిగొట్టం వెనక నక్కి తిండి మానేశాడు. వాణ్ణి చూస్తే నాకు జాలేసేది.

మా ఆవిడ జోఖాకి ఆ కిటికీ మీద కన్నుంది.

"జుహేరా నాన్నా, శుక్రవారంలోగా మీ పెళ్ళికొడుకు బయటికి రాకపోతే అక్కడ నా కుట్టుమిషను పెడతాను."

"వాడికి దాక్కునే చోటు లేదే. చిన్న ఇల్లు అమరుస్తాను."

"మన వంటింటి కప్పు కారుతోంది. చేపకి ఇల్లట."

సముద్రపు ఒడ్డున వెతగ్గా వెతగ్గా కొట్టుకొచ్చిన కొయ్య ఒకటి దొరికింది. అడుగున పెళ్ళికొడుక్కి సరిపడా తొర్ర కూడా ఉంది. కానీ అలాంటి కొయ్యని ఉడకబెట్టకుండా తొట్టిలో పెడితే ఉప్పూ పురుగూ కలిసి చేపల్ని చంపేస్తాయి. అది పట్టే గిన్నె మా ఇంట్లో ఒక్కటే, జోఖా పిలావు డేగిసా. దాన్ని పిలావుకి తప్ప వాడదు. నేను దాని పక్కనుంచి నడిచినా ఆవిడకి అనుమానమే.

జోఖా పక్కవీధిలో ఎవరిదో పెళ్ళుంటే ఆ ఇంటికి వెళ్ళగానే డేగిసా పొయ్యెక్కించాను. నీళ్ళు కషాయంలా ఎర్రగా మరిగాయి. సరిగ్గా అప్పుడే ఆవిడ పైన కప్పుకునే కంగా గుడ్డ మరిచిపోయానంటూ తిరిగొచ్చింది.

"నా డేగిసాలో ఏమిటది?"

"వేపచెక్క కషాయం," అనేశాను. మా వైపు ఏ రోగానికైనా వేపే మరి. "మీ అమ్మగారి మోకాళ్ళకి."

జోఖా నన్ను ఎగాదిగా చూసి, దండెం మీది కంగా అందుకుని దాని కొసతో కళ్ళొత్తుకుంది. "అమ్మా, విన్నావా? నీ అల్లుడు నీ కోసం పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్నాడు."

రంజాను పండక్కని వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయిన అత్తగారు బీ కిడావా కుంటుకుంటూ వచ్చింది.

"మంచి మందయితే ముందు నువ్వు తాగు, అల్లుడూ," అంది.

జోఖా గ్లాసు నింపి నా చేతిలో పెట్టింది. తాగాను. హిందూ మహాసముద్రం సగం నా గొంతులోంచే పోయింది.

"ఎలా ఉంది?"

"ఒంటికి చాలా మంచిది," అన్నాను, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

అత్తగారు తాగలేదు. తెలివైన మనిషి. గోరువెచ్చని కషాయంలో కాళ్ళు పెట్టుకుని, హాయిగా ఉందంది. అంతే, అది మా ఇంటి ఆచారమైపోయింది. రోజూ పాత నీళ్ళు పారబొయ్యాలి, కొత్త నీళ్ళు మరిగించాలి, నేను గ్లాసెడు తాగాలి, ఆవిడ కాళ్ళు పెట్టుకోవాలి. కొయ్య నాకివ్వమని అడుగుదామంటే ఎందుకని అడుగుతారు. పెళ్ళికొడుకు చూస్తే నానాటికీ పాలిపోతున్నాడు.

శుక్రవారం పొద్దున డేగిసాలో నీళ్ళు తేటగా ఉన్నాయి.

"మందులో పస అయిపోయింది," అంది అత్తగారు.

జోఖా కొయ్యని పైకి తీసి, నీళ్ళు ఓడ్చి, తిన్నగా వెళ్ళి తొట్టిలో పెట్టింది.

"చేపలమ్మే మచానోని ఆ రోజే అడిగాను. నీళ్ళు తేటపడేదాకా మార్చి మార్చి ఉడకబెట్టాలన్నాడు. మీకొదిలేస్తే ఒక్క పొంగుతో దించేసేవారు. పాపం, ఆ చేప చచ్చూరుకునేది."

"అంటే తెలిసే నాచేత తాగించావా?"

"నా డేగిసాలో ఉడికిందేదైనా ఎవరో ఒకరు రుచి చూడనిదే ఇంకొకరికి పెట్టను."

పెళ్ళికొడుకు తొర్రలో దూరాడు. కాసేపటికి తల బయటపెట్టాడు, తర్వాత మెల్లగా బయటికొచ్చి నాలుగు మెతుకులు తిన్నాడు. కమిషనరు దగ్గరికి రాగానే మళ్ళీ ఇంట్లోకి పోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కిటికీ దక్కింది.

వెనకనుంచి అత్తగారు పిలిచింది. "అల్లుడూ, ఇప్పుడు మోచేతులు పట్టేశాయి. ఇంకో కొయ్య తీసుకురా."

జోఖా అప్పటికే గ్లాసు కడుగుతోంది.