వెనక గేటు తాళంచెవి, ఏడు గ్రూపులు

ప్రమాదం వస్తే పరుగెత్తేవాడు అనాగరికుడు. నాగరికుడు ముందు గ్రూపులో పెడతాడు!

నమ్మరా? నాచారంలో మా అట్టపెట్టెల ఫ్యాక్టరీకి రండి. నేనక్కడ అత్యవసర ప్రణాళికా కమిటీ కార్యదర్శిని. నలభైమంది పనివాళ్లకు ఏడు గ్రూపులున్నాయి. మంటలకు వాట్సాప్, వరదకు టెలిగ్రామ్, కరెంటు షాకుకు ఈమెయిల్. ఏ ప్రమాదం ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఇంకో గ్రూపు. మంటల గ్రూపులో వరద గురించి రాస్తే అడ్మిన్ విక్రమ్ డిలీట్ చేస్తాడు. క్రమశిక్షణంటే అది కదండీ?

పూర్వం ఏముండేది? ఒక ఇనుప గంట. కొడితే అందరూ బయటికి ఉరికేవారు. అందులో చర్చేది, మినిట్సేవి? అందుకే గంటనూ దాని సుత్తినీ స్టోర్‌లో పడేశాం.

వెనక గేటు తాళంచెవి ఎవరి దగ్గరుండాలో గూగుల్ షీటులో మూడు నెలలుగా చర్చిస్తున్నాం; తేలేదాకా అది కమిటీ గది సొరుగులోనే ఉంటుంది. ఒకరు ఆ గడికి పసుపు రంగు కూడా వేశారు. ఇంతమంది బుర్రపెట్టిన తాళంచెవి నాచారం మొత్తంలో ఇంకోటి ఉండదు.

మొన్న మంగళవారం జూమ్‌లో ఆ చర్చే నడుస్తోంది. ఆరుగురం ఒకే గదిలో కూర్చుని ఎవరి ఫోన్లో వాళ్లం మాట్లాడుతున్నాం. ప్యాకింగ్‌లో పనిచేసే వెంకటనర్సమ్మ, నీళ్లకని బయటికి వచ్చిందట, తలుపు తోసుకుని వచ్చింది.

"సార్, కరెంటు బోర్డుకెల్లి పొగొస్తున్నది. ముందటి దారి నిండిపోయింది. లోపల పన్నెండు మంది ఆడోళ్లున్నరు. ఎనక గేటు తాళంచెవి ఇయ్యున్రి జర."

విక్రమ్ మర్యాదస్తుడు, మైకు మ్యూట్ చేసి మరీ జవాబిచ్చాడు. "మీటింగ్ నడుస్తున్నదమ్మా. గ్రూపుల పెట్టు."

ఆమెది బటన్ల ఫోను. ఏ గ్రూపులోనూ లేదు. ఆ పన్నెండుమందిలో నా సొంత చెల్లెలు పద్మశ్రీ ఉంది.  అయినా పద్ధతి పద్ధతే, ఆమె తరఫున నేనే పోస్టు పెట్టాను. నిమిషంలో పదకొండు బొటనవేళ్లు! మల్లాపూర్ గోదాము నుంచి గిరిప్రసాద్ 'నోటెడ్' అన్నాడు. ఇది మంట కిందికి వస్తుందా, కరెంటు కిందికా అని ఓటింగ్ పెట్టాం. గట్టి పోటీ నడిచింది.

ఫలితం రాకముందే వెనక నుంచి దబదబ శబ్దం. వెంకటనర్సమ్మ స్టోర్‌లోని పాత గంట సుత్తి తెచ్చి తాళం పగలగొట్టింది. పన్నెండుమందీ దగ్గుకుంటూ బయటపడ్డారు.

కమిటీ వెంటనే స్పందించింది. ఫ్యాక్టరీ ఆస్తి ధ్వంసం చేసినందుకు ఆమెకు మెమో పంపాం. ఆమె గ్రూపులో లేదు గనక ఇంకా అందలేదు.

సాయంత్రం ఇంట్లో పద్మశ్రీ ఎర్రబడ్డ కళ్లు కడుక్కుంటూ అడిగింది. "అన్నా, పొగ సంగతి నీకు ఎర్కనే గద. లేసి ఎందుకు రాలే?"

 మాకు ఏడు గ్రూపులున్నాయి. ఆ ప్రశ్న ఎందులో పెట్టాలో నాకింకా తెలియలేదు.