ఖాళీ యంత్రంలో చెదరని పొందిక

క్వాంటమ్ పొందికను ఎన్నటికీ చెదరకుండా నిలబెట్టిన మొట్టమొదటి సంస్థ తమదేనని పరిశోధనాలయ డైరెక్టరుగారు సభాముఖంగా ప్రకటించారు. ఆ ఘనత సాధించిపెట్టిన పరిశోధక విద్యార్థిని వేదిక మీద చివరి కుర్చీలో తల దించుకుని కూర్చుంది. దించుకోక ఏం చేస్తుంది పాపం!

ఆమె పని చెప్పడానికి తేలికే. స్ఫటికం నిండా స్పిన్‌లుంటాయి, అంటే కంటికి కనబడని అయస్కాంతపు ముళ్లు. ఎక్కడ పడితే అక్కడ చిందరవందరగా ఉంటాయి. స్ఫటికాన్ని యంత్రంలో పెట్టి లయ తప్పకుండా మైక్రోవేవ్ దెబ్బలు వేస్తూ పోతే అన్నీ ఒక్క మాట మీద అటూ ఇటూ తిరుగుతాయి. అదే పొందిక. కాసేపే. ఆ తర్వాత దేని దారి దానిది. ఆ కాసేపటిని ఇంకాసేపు చేయడానికే ఆమె వయసంతా ధారపోసింది. అది కుదిరితేనే డాక్టరేటు, డాక్టరేటు వస్తేనే ఉద్యోగం.

డైరెక్టరుగారు దూరదృష్టి గలవారు. యంత్రంలో ఉంటే స్ఫటికం ఎవరికీ కనబడదు గనక, దాన్ని బయటికి తీయించి, సందర్శకుల కోసం తన గదిలో అద్దాల పెట్టెలో పెట్టించారు. ఆ సంగతి ఒక విద్యార్థినికి చెప్పడం ఆయన హోదాకు తగదు. ఆ వారమే తెర మీద ఆ పొందికను చూపించే సంకేతం తగ్గడం మానేసింది. సంస్థ యావత్తూ చంకలు గుద్దుకుంది.

అనుమానమొచ్చి ఆమె యంత్రం విప్పి చూసింది. డైరెక్టరుగారి గదికి పరుగెత్తింది.

"సార్, లోపల స్ఫటికం లేదండీ. మనం కొట్టే దెబ్బే మనకి తిరిగి కనబడుతోంది."

"ఉన్నప్పుడు పొందిక నిలిచిందా?"

"లేదు సార్."

"లేనప్పుడు?"

"నిలిచింది సార్, కానీ..."

"మరి తప్పు స్ఫటికానిదే కదమ్మా! నీకు డాక్టరేటు కావాలా, అది కావాలా?"

ఆమె వెళ్లి వ్యాసం రాసింది. వ్యాసం అచ్చయింది, సభ జరిగింది. స్ఫటికం పెట్టి ప్రయోగం చేసిన అమాయకపు సంస్థలు తమ చేతకానితనానికి తామే సిగ్గుపడ్డాయి.

డాక్టరేటు మౌఖిక పరీక్షకు మరో సంస్థ నుంచి తలపండిన ఆచార్యులొకరు వచ్చారు. ఇక దాచుకోలేక, ఆమె ఆయన్ని పక్క గదిలోకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చేసింది. ఆయన తలుపు దగ్గరగా వేశారు.

"ఇంకెక్కడా అనకు తల్లీ. మాకూ స్ఫటికం ఉన్నన్నాళ్లూ పొందిక రాలేదు. తీసేశాకే వచ్చింది. మా వ్యాసం కూడా అచ్చుకి వెళ్లిపోయింది."

ఆమె డాక్టరమ్మ అయింది. రెండు సంస్థలు ఒకే మాట చెప్పాయి గనక అది శాస్త్రసత్యమైంది, పాఠ్యపుస్తకంలోకీ ఎక్కింది. మీ పిల్లలచేత శ్రద్ధగా కంఠతా పట్టించండి. లోపల ఏముందని వాళ్లెవరైనా అడిగితే మాత్రం, అలవాటు ప్రకారం, నెత్తిన ఒక్కటివ్వండి.