నూటొక్క జాతుల వనం

"మూడు నెలల్లో ఈ నగరానికి నూటొక్క జాతుల జీవవైవిధ్య వనం ఇస్తున్నాను" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు, ఉద్యానవన శాఖ గుమాస్తాగా నేను వేదిక పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాను. వందతో ఊరుకోకుండా ఇంకొకటి కలపడంలోనే ఆయన దూరదృష్టి ఉంది.

ఎంచుకున్న స్థలం, మేమంతా పిన్ని అని పిలిచే తోటమాలి పద్నాలుగేళ్లుగా సాకుతున్న పాత పార్కు. నిండా తుప్పలు, తుప్పల నిండా సీతాకోకచిలుకలు, పిట్టలు, ఒక ముంగిస కుటుంబం.

మా శాఖ డైరెక్టరుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ముందు ఇదంతా చదును చేయించండి" అన్నారు.

"అయ్యా, మీకు కావలసిన జాతులు ఇందులోనే ఉన్నాయి కదా" అంది పిన్ని.

"ఉంటే ఉన్నాయమ్మా. ప్లానులో లేవు."

ఎదురు మాట్లాడినందుకు ఆమెను ఆఫీసు వెనక పెరటికి బదిలీ చేశారు. పీకేసిన మొక్కల్లో ప్రాణమున్నవాటిని ఏరి, గంపకెత్తుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. చెత్త ఎత్తే పని కొంత తగ్గిందని డైరెక్టరుగారు సంతోషించారు.

వనం దివ్యంగా వచ్చింది. తివాచీలాంటి గడ్డి, సిమెంటు జింకలు, చెట్టుకొక మైకు, మైకులో కోకిల. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారిని చీమైనా కుట్టకూడదని మూడుసార్లు పురుగుమందు కొట్టించాం. కుట్టలేదు. ఆ తర్వాత అక్కడ ఎవరినీ ఏదీ కుట్టలేదు.

ఏడాది తిరిగేసరికి జీవవైవిధ్య అవార్డు కమిటీ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది. మధ్యాహ్నం దాకా భూతద్దంతో తిరిగినా నోటుపుస్తకం తెరవలేదు.

"పక్షులేవండీ?"

"కాస్త చెవిపెట్టి వినండి మేడమ్" అన్నారు డైరెక్టరుగారు. అప్పుడే కరెంటు పోయింది.

చేతులు కడుక్కోవడానికి ఆఫీసుకు వచ్చిన ఆమె పెరట్లోకి వెళ్లి గంటయినా తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే, పిన్ని ఒక్కో పురుగునూ చుట్టంలా ఆమెకు పరిచయం చేస్తోంది: "ఇదుందే, జిల్లేడు మీద తప్ప గుడ్డు పెట్టదమ్మా. మహా పట్టింపు."

మొదటి బహుమతి మాకే వచ్చింది. నూటపద్నాలుగు జాతులు, అన్నీ పెరట్లోవే.

"చెప్పిన దానికంటే ఎక్కువే ఇచ్చాను" అన్నారు మంత్రిగారు వినయంగా. "సన్మానం ఆ పెరట్లోనే జరగాలి. రెండు వేల కుర్చీలు పట్టాలి."

ముందు వరసలో పిన్నికీ ఒక కుర్చీ, ఒక శాలువా మంజూరయ్యాయి. ఆ సంగతి నేనే వెళ్లి చెప్పాను.

"కుర్చీ ఎక్కడ వేస్తారు బాబూ?" అంది.

బుల్డోజరు తెల్లారి ఆరింటికే వచ్చింది. మా శాఖలో అంత సమయపాలన నేనెన్నడూ చూడలేదు.