ఆగిన సార్లు మూడు వందల పన్నెండు

ఆ మంగళవారం పొద్దున ఐలర్ట్ పెట్టుకున్న పని ఒక్కటే. రేవులో దీపం వెలిగించి, వచ్చే పడవను ఆపి, అందులో ఎక్కకుండా ఇంటికి తిరిగి రావడం. భార్య పోయిన నాటి నుంచి ఆరేళ్లుగా, పడవ రాని ఆదివారాలు తప్ప, ఆయన రోజూ చేస్తున్న పని అదే.

స్కార్వ్ దీవిలో గొర్రెలు పదకొండు, మనుషులు ఒకరు. నార్వే తీరంలో ఇలాంటి చిన్న రేవులకు ఒక పద్ధతి ఉంది: దీపం వెలిగితే పడవ ఆగుతుంది, లేకపోతే సాగిపోతుంది. ఆగగానే పడవలో పనిచేసే గుడ్నీ తాడు విసురుతూ, "ఇంకా ఉన్నావా తాతా?" అనేది. "నీ పెళ్లి భోజనం తినకుండా ఎక్కడికి పోతానే!" అనేవాడు ఐలర్ట్. ఆమె పేపరు చేతికిచ్చేది, పడవ కదిలేది. మర్నాటి దాకా ఆయనతో మాట్లాడేవి గొర్రెలే. వాటి దగ్గర పెద్దగా కబుర్లుండవు.

ఆ మంగళవారం దీపం వెలగలేదు. బల్బు మాడిపోయింది. మార్చడం చేతకాక కాదు. అది ప్రభుత్వ దీపం, తాళం వేసిన గాజుపెట్టెలో ఉంది. ఐలర్ట్ రేవు అంచున నిలబడి రెండు చేతులూ ఊపాడు. గుడ్నీ కూడా సంతోషంగా ఊపింది. పడవ వెళ్లిపోయింది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు దగ్గితే, ఇంట్లో ఎవరో ఉన్నారనుకుని తనే ఉలిక్కిపడ్డాడు. వెంటనే ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యురాలు సోల్‌ఫ్రిడ్‌కు ఫోన్ చేశాడు.

ఆమె కొత్తగా గెలిచింది, ఉత్సాహం ఇంకా చల్లారలేదు. "మీరేం బెంగపెట్టుకోకండి ఐలర్ట్ గారూ! లిఖిత ప్రశ్న వేస్తాను. ఆరు పనిదినాల్లో మంత్రి సంతకం పెట్టి జవాబిచ్చి తీరాలి."

"బల్బుకు మంత్రెందుకమ్మా?"

"పైన కదిలిస్తేనే కింద వెలుగుతుందండీ!"

మర్నాడే తన సొంత పడవలో అటుగా వచ్చిన కరెంటు పనివాడు బల్బు మార్చేసి పోయాడు. ఐలర్ట్ మళ్లీ ఫోన్ చేశాడు. "అయ్యో, ప్రశ్నకు నంబరు పడిపోయిందే! ఇప్పుడు వెనక్కి తీసుకుంటే భయపడ్డానంటారు" అంది సోల్‌ఫ్రిడ్.

ఒక్క బల్బు గురించి రాస్తే మంత్రిగారి కాగితం సగం కూడా నిండలేదు. ఖాళీ వదలడం శాఖకు మర్యాద కాదు కాబట్టి గుమాస్తాలు కొన్ని లెక్కలు చేర్చారు. ‘దీపం వెలుగుతోంది. నిరుడు స్కార్వ్ రేవులో పడవ ఆగిన సార్లు మూడు వందల పన్నెండు. ఎక్కినవారు ఒకరు, పశువైద్యుడు.’

జవాబు చదివి ఓడ్‌వార్ అనే మరో సభ్యుడు కుర్చీలోంచి లేచాడంటే మళ్లీ కూర్చోవడానికి వారం పట్టింది. ‘ఎక్కేవాడే లేని చోట పడవ మూడు వందల పన్నెండు సార్లు ఎందుకు ఆగింది? ఆ రేవును ఎప్పుడు మూసేస్తారు?’ అని ఆయనొక లిఖిత ప్రశ్న వేశాడు. జవాబు చెప్పాలంటే కారణం తెలియాలి. కారణం కనుక్కోవడానికి శాఖ ఒక ఇన్‌స్పెక్టరును పంపింది.

"ఎక్కడికెళ్లాలని పడవ ఆపుతున్నారు పెద్దాయనా?"

"ఎక్కడికీ కాదు."

"పోనీ, ఎవరైనా దిగుతారా?"

"నేను తప్ప ఎవరున్నారని దిగడానికి?"

"ఫారంలో ఏదో ఒకటి రాయాలి కదా. ఉద్యోగమా, ఆసుపత్రా, బడా?"

ఐలర్ట్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "ఆ పిల్ల ‘ఇంకా ఉన్నావా’ అనడుగుతుంది. ఉన్నానని చెప్పడానికి ఆపుతా."

ఇన్‌స్పెక్టరు మూడు కప్పుల కాఫీ తాగి, చాలాసేపు సముద్రం వైపు చూసి, ‘కారణం: పలకరింపు’ అని రాసుకున్నాడు. అది మంత్రి జవాబులో అచ్చయింది, అక్కడి నుంచి పేపరుకెక్కింది. ఆ పేపరు అందిస్తూ గుడ్నీ ఎగతాళి చేయలేదు. దాంతో ఐలర్ట్‌కు మరీ సిగ్గేసింది. రేవు మూతపడితే ఈ నాలుగు మాటలూ పోతాయి.

సోల్‌ఫ్రిడ్ కాపాడబోయింది. ‘ఇలా పలకరింపు కోసం పడవ ఆపే రేవులు మొత్తం ఎన్ని?’ అని మూడో ప్రశ్న వేసింది. ఇదొక్కటేనని జవాబొస్తే, ఒక్కదానికి గొడవెందుకని సర్దిచెప్పవచ్చని ఆమె ఆలోచన. జవాబు వచ్చింది: నలభై ఒకటి. అనుబంధంలో జాబితా. ఎన్నికల ముందు నలభై ఒక్క దీపాలు ఆర్పే ధైర్యం ఏ మంత్రికి ఉంటుంది? మూసివేత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పేపర్లో పడిన ఆ జాబితాను ఐలర్ట్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. పదిహేడో వరుస: ‘లింగ్‌హోల్మ్. ఆగిన సార్లు రెండు వందల తొంభై ఎనిమిది. ఎక్కినవారు లేరు.’ లింగ్‌హోల్మ్ అంటే ఆయన వంటింటి కిటికీకి ఎదురుగా, నీళ్లకవతల కనిపించే దీవి.

"అక్కడ మనిషున్నారా?" అని మర్నాడు గుడ్నీని అడిగాడు.

"ఆస్లౌగ్ అత్త. ఎనిమిదేళ్లుగా ఒక్కతే ఉంటోంది. ఎదురెదురు ఇళ్లు, నీకు తెలీదా తాతా?"

"వేసవికొచ్చే పట్నం వాళ్లేమో అనుకున్నా."

ఫోన్‌లో ఏమని మొదలుపెట్టాలో తోచక, స్వయంగా వెళ్లి తలుపు తట్టాలనుకున్నాడు. గుడ్నీ చూస్తే ఆటపట్టిస్తుందని ఆమెకు సెలవైన శనివారం ఎంచుకున్నాడు. పడవ దీవులన్నీ చుట్టి వస్తుంది: లింగ్‌హోల్మ్ తర్వాత స్కార్వ్, ఆ తర్వాత పట్నం, మళ్లీ మొదటికి. అవతలి ఒడ్డుకు చేరాలంటే నాలుగు గంటలు. ఆ పొద్దున పొగమంచు కమ్మేసింది. కోటు కాలర్ ఎత్తి పడవ ఎక్కుతుంటే, తల నిండా శాలువా చుట్టుకున్న ఒకావిడ దిగుతోంది. "నమస్కారమండీ" అన్నాడు. "నమస్కారం" అందామె. పడవ కదిలింది.

మధ్యాహ్నానికి లింగ్‌హోల్మ్ చేరి తలుపు తట్టాడు. జవాబు లేదు. తాళం లేదు. లోపల ఒకటే కుర్చీ, ఒకటే కప్పు, బల్ల మీద అదే జాబితా. స్కార్వ్ పేరు కింద పెన్సిలుతో రెండు గీతలు. మంచు విడిపోయింది. కిటికీలోంచి చూస్తే అవతలి ఒడ్డున తన ఇంటి పొగగొట్టం నుంచి పొగ లేస్తోంది.

గోడ మీది ఫోన్ తీసి, జీవితంలో మొదటిసారి తన ఇంటికి తనే ఫోన్ చేశాడు.

"హలో?" ఒక ఆడగొంతు.

"నేనండీ... ఆ ఇంటాయన్ని."

"అయితే మీ పంచదార ఎక్కడ పెట్టారో చెప్పండి. అరగంట నుంచి వెతుకుతున్నా."

ఆ ఏడాది ఆ రెండు రేవుల్లో ప్రయాణికుల సంఖ్య అనూహ్యంగా పెరిగిందనీ, అందుకు తమ శాఖ కృషే కారణమనీ మంత్రిగారు పార్లమెంటుకు లిఖితపూర్వకంగా తెలియజేశారు.