సింహానికి ఆషాఢం ఉండదు

నాకు కోపం ఊరికే రాదు. ఈసారి మాత్రం అందరి మీదా వచ్చింది. మా ఆవిడ మీద వచ్చింది, మా అమ్మాయి మీద వచ్చింది, పక్క ఫ్లాటు అబ్దుల్ ఘనీ మీద వచ్చింది. ఆఫ్రికాలో గడ్డి మేసుకుంటూ తిరిగే లక్షల గొడ్ల మీద కూడా వచ్చింది. నీ మీద నీకు రాలేదా అని అడగకండి, ఆ సంగతి చివర్లో చెబుతాను.

నా పేరు సదానందం. మాది మెట్‌పల్లి దగ్గర. పేరులో ఉన్న ఆనందం మనిషిలో చుక్క కూడా లేదని మా ఆవిడ భాగ్యలక్ష్మి వచ్చినవాళ్లందరికీ చెబుతుంటుంది. రియాద్‌లో, మలాజ్ అనే పేటలో మా కాపురం. ఏసీలు బాగుచేసే కంపెనీలో స్టోర్ కీపర్ని. నా స్టోర్లోంచి సంతకం లేకుండా ఒక్క స్క్రూ కూడా బయటికి పోదు. మేనేజరే వచ్చి ఫిల్టర్ అడిగినా ముందు పుస్తకం ఆయన వైపు తోస్తాను.

ఆ మేనేజర్ని మేం బుక్రా సార్ అంటాం. బుక్రా అంటే అరబ్బీలో రేపు. జీతం అడిగినా, లీవు అడిగినా, టైమెంతయిందని అడిగినా ఆయన బుక్రా అనే అంటాడు.

ఇక అసలు తద్దినం ఎలా మొదలైందో వినండి. ఎనిమిదేళ్ల కిందట తల్లీకూతుళ్లను సౌదీలోనే చల్లగా ఉండే అభా కొండలకు తీసుకెళ్తానన్నాను. తీరా బట్టలు సర్దాక, స్టోర్‌కు సామాను లారీ వస్తోందని మానేశాను. ఇద్దరూ సర్దిన పెట్టె మీదే కూర్చుని ఏడుపు మొదలుపెట్టారు. మా రవళికి అప్పుడు పదేళ్లు. ఆ ఏడుపు ఆపడానికి నోటికొచ్చింది అనేశాను.

"అభా ఏందే, ఆఫ్రికాకే తీస్కపోత. సింహాలు, జిరాఫీలు, అన్ని జీపుల కూసోని చూడొచ్చు."

"ఎప్పుడు?" అంది భాగ్యలక్ష్మి, ముక్కు తుడుచుకుంటూ.

"సీజన్ చూసి పోదాం."

ఆ మూడు ముక్కలతో ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చాను. కంపెనీ ఇచ్చిన ఏసీ కూడా అన్నాళ్లు పనిచేయలేదు.

ఈ ఏడు రవళి పన్నెండో తరగతి అయిపోయింది. ఆగస్టులో హైదరాబాద్‌లో కాలేజీ, హాస్టలు. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను పప్పుచారు కలుపుకుంటుంటే భాగ్యలక్ష్మి వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ని మేకుతో సహా పీకి తెచ్చి నా కంచం పక్కన పరిచింది. చేతిలో పెన్ను కూడా ఉంది.

"ఇయ్యాల సీజన్ తేల్చాలె," అంది.

"ఏం సీజనే? మామిడికాయలా?"

"ఆఫ్రికా సీజన్. ఈ ఏడు పోకపోతే ఇగ ముగ్గురం కలిసి పోయేది ఉండదు. పిల్ల హాస్టల్ల పడ్డంక దాని సెలవులు దానియి, నీ లీవులు నీయి."

ఆ మాట నాకు నచ్చలేదు. నచ్చని మాట వింటే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే వాదన పుడుతుంది. అదీగాక నాకొక రహస్యమైన కల ఉంది. జూలైలో తల్లీకూతుళ్లు ఊరికి పోతే, ఏసీ పదహారులో పెట్టుకుని, లుంగీ కట్టుకుని, లెమ్మనేవాళ్లు లేకుండా మా స్టోర్ మల్లేశం వాళ్లతో నెల్లాళ్లు పత్తాలాడాలి. పాత కల. దాన్ని ఒక జిరాఫీ కోసం వదులుకునే మనిషిని కాను.

"సరే, అడుగు. నెలనెలకు చెప్త," అన్నాను.

"ఏప్రిల్, మే?"

"పెద్ద వానలు. జీపులు బురదల కూరుకపోతయ్. నువ్వు దిగి నెడతవా?"

ఆ నెలల మీద 'బురద' అని రాసి, క్యాలెండర్ నా వైపు తోసింది. "సంతకం పెట్టు."

"సంతకమెందుకే?"

"నీ స్టోర్ రూలే. రేపు నేననలేదంటే?"

నిజం చెప్పాలంటే నాకు కాస్త గర్వం వేసింది. ఇన్నేళ్లకు ఇంట్లో నా పద్ధతి ఒకటి అమలైంది. పప్పుచారు చెయ్యి తుడుచుకుని సంతకం చేశాను.

"జూన్?"

"వానలకు గడ్డి నడుమెత్తు పెరిగి ఉంటది. సింహం పండుకుంటే దాని తోక గూడ కనవడది."

సంతకం.

"నవంబర్?"

"చిన్న వానలు."

"చిన్న వానలు గూడ వద్దా?"

"నాకు జలుబు చేస్తది."

సంతకం.

"డిసెంబర్?"

"జనం. ఒక్క సింహం చుట్టు ముప్పై జీపులు. మనం సింహాన్ని చూసినట్టుండది, సింహం మనల్ని చూసినట్టుంటది."

"జనవరి, ఫిబ్రవరి మస్తుంటదట. అక్కడి అడవి గొడ్లన్ని ఒక్కపారే ఈనుతయట, ఎటు చూసినా దూడలేనట."

"అప్పుడు అవి కెన్యా ఇడిసి టాంజానియా దిక్కుంటయ్. అవి ఈనితే మనమెందుకే? పోయి తొట్టెల కట్టాల్నా?"

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రవళి కాలేజీ అన్నాను. మార్చికి మళ్లీ వానలన్నాను. అన్నిటికీ సంతకాలయ్యాయి. జూలై ఒక్కటే మిగిలింది. అప్పుడు రవళి తన గదిలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"డాడీ, జూలైలనే కెన్యాల నది దాటుడు షురువైతది. లక్షల గొడ్లు. నీళ్లల్ల మొసళ్లున్నయని తెలిసి గూడ దుంకుతయ్. నాకది నీతోని చూడాలని ఉంది."

పిల్ల అలా అడిగితే ఏ తండ్రి అయినా సరే అంటాడు. నేను క్యాలెండర్ వైపు చూశాను. జూలై గళ్లలో సన్నటి అక్షరాలతో దేవుడు నాకోసమే రాయించినట్టు ఒక మాట కనబడింది.

"ఆషాఢం," అన్నాను.

"సింహానికి ఆషాఢమేంది?" అంది భాగ్యలక్ష్మి.

"సింహానికి లేదు, మనకుంది. ఆషాఢంల మొగుడు పెండ్లాం కలిసి ఊరు దాటద్దు."

"అది కొత్తగ పెండ్లైనోళ్లకయ్యా. మనకు పంతొమ్మిదేండ్లాయె."

"ఆషాఢానికి కొత్త పాత ఏముంటది? దాటద్దంటే దాటద్దు."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. కోపంతో ముఖం కందిపోయింది. "పదకొండేండ్లు అయింది నేను ఈ రియాద్‌కు వచ్చి. ఇన్నేండ్లల్ల నేను చూసిన జంతువులు మూడే. పిల్లి, బల్లి, నువ్వు."

నాకూ మండింది. "నా ఇంట్ల నా పంచాంగం నడుస్తది," అన్నాను.

ఆవిడ మళ్లీ పెన్ను తీసింది. జూలై మీద నిదానంగా రాసి, పైకి చదివింది. "ఆషాఢంలో మొగుడు పెండ్లాం కలిసి ఊరు దాటరాదు. ఇంతేనా? ఇంకేమన్న ఉందా?"

"ఇంతే."

సంతకం చేశాను. పైగా అలవాటు చొప్పున హిజ్రీ తారీఖు, ఇంగ్లిషు తారీఖు రెండూ వేశాను. గెలిచిన వాడు అక్షరం వంకర పోకుండా రాస్తాడు.

ఆదివారం పొద్దున్నే ఆఫీసుకెళ్లి, జూలైలో నాకు రావాల్సిన లీవు నాకక్కర్లేదని, జమాలుద్దీన్‌కు ఇవ్వమని కాగితం రాసిచ్చాను. అతను మా ఆఫీసులోనే పనిచేసే పాతబస్తీ మనిషి, చెల్లెలి పెళ్లికి లీవు దొరక్క అల్లాడుతున్నాడు. ఆఫీసంతా నన్ను పుణ్యాత్ముడంది. ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుని, "బుక్రా సార్ లీవ్ కట్ చేసిండు. జూలైల మీరిద్దరు ఊరికి పోండ్రి, పిల్లకు కాలేజీ సామాన్లు కొనేది ఉంటది గద," అన్నాను.

"సరే," అంది భాగ్యలక్ష్మి.

పంతొమ్మిదేళ్ల కాపురంలో నేనన్నదానికి ఆవిడ ఒక్క మాటలో సరే అనడం అదే మొదలు. నేను అక్కడే అనుమానపడాల్సింది. ఆనందంలో ఉన్న మనిషికి అనుమానం తట్టదు.

తరువాత జరిగినవి కూడా వినండి. ఒకరోజు తల్లీకూతుళ్లు చేతులు పట్టుకుని ఇంటికొచ్చారు. ఏమైందంటే ఎల్లో ఫీవర్ టీకా అన్నారు.

"అదెందుకు?"

"కాలేజీల అడుగుతున్నరు."

"మరి నీకెందుకే?"

"తోడు వచ్చే తల్లికి గూడ కావాల్నట."

మంచి కాలేజీ, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉంది అనుకున్నాను. ఇంకోరోజు వెడల్పు అంచుల టోపీలు మూడు కొన్నారు. హైదరాబాద్‌లో ఎండలన్నారు. జూలైలో ఎండలేమిటని నాకు తట్టలేదు. మూడో టోపీ పక్క ఫ్లాటు ఖాలిదాకట. ఆమె అబ్దుల్ ఘనీ భార్య. కడప వాళ్లు, మాకు సొంత మనుషుల్లా ఉంటారు. ఘనీ విమానం టికెట్లు కొట్టే దుకాణంలో కూర్చుంటాడు. ఖాలిదా కూడా అదే రోజు ఊరికి పోతోందంటే, తోడుంటుందని సంతోషించాను.

ఇక ఖురూజ్ సంగతి. సౌదీలో పెళ్లాం బిడ్డలు దేశం దాటి మళ్లీ రావాలంటే ఇంటి మగాడు ఫోన్లో ఖురూజ్ అనే అనుమతి కొట్టించాలి. గ్యాసు బండ మార్పించడానికి మూడు వారాలు తీసుకునే నేను, ఆ పని రెండు నిమిషాల్లో ముగించాను. ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. భాగ్యలక్ష్మి దాన్ని కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం ముగ్గురినీ ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర దింపాను. పార్కింగ్ దొరకదని లోపలికి వెళ్లలేదు. అసలు కారణం, ఇంటికొచ్చి లుంగీ కట్టుకోవాలని తొందర. రవళి మాత్రం నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి, "డాడీ, నువ్వు గూడ వస్తే మంచిగుండు," అంది. పిచ్చి పిల్ల, మెట్‌పల్లికి నేనెందుకు అనుకున్నాను.

శుక్రవారం ఇంట్లో పత్తాలు సాగుతున్నాయి. ఏసీ పదహారు. చేతిలో మంచి ముక్కలు పడ్డాయి. అప్పుడు ఫోన్లో ఫోటో వచ్చింది. టోపీ పెట్టుకున్న రవళి, వెనక ఒక జిరాఫీ.

"హైదరాబాద్ జూ మస్తు చేసిన్రు," అన్నాను.

మల్లేశం ఫోను లాక్కుని ఫోటో పెద్దది చేశాడు. మా స్టోర్లో లోడింగు పని చేస్తాడు, ఏ పెట్టెనైనా నాలుగు వైపులా తిప్పి చూడందే దించడు. "అన్నా, జూల గోడలుంటయి గద. దీనికి గోడే లేదు. ఎనుక వదిన జీపు మీద నిలబడ్డది. ఆ దూరం కొండ చూడు. ఇది మన దిక్కు కాదన్నా."

నా చేతిలో ముక్కలు కింద పడ్డాయి. ఫోన్ చేశాను.

"ఏడున్నవే?"

"ఆఫ్రికాల."

"ఎవరినడిగి పోయినవ్?"

"నువ్వే ఖురూజ్ కొట్టిచ్చినవ్ గద. దాని మీద ఏ దేశం పోవాల్నో రాసి ఉండదయ్యా. చదువుకున్నోనివి, చూస్కోవద్దా?"

"నన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోతవే?" అని అరిచాను.

ఆవిడ అరవలేదు. "ఆషాఢంల మొగుడు పెండ్లాం కలిసి ఊరు దాటద్దంటివి. నేను దాటిన, నువ్వు దాటలే. నీ పంచాంగం తప్పలేదు. క్యాలెండర్ వంటింట్లనే ఉంది, చూస్కో. ఇక్కడికెల్లి అటే హైదరాబాద్ పోతున్నం. ఆఫ్రికాకెల్లి వచ్చినోళ్లను అక్కడ అడుగుతరు, గందుకే టీకా."

వంటింట్లోకి పరుగెత్తాను. క్యాలెండర్ మేకుకు వేలాడుతోంది. జూలై, నా సంతకం, రెండు రకాల తారీఖులు. చింపేద్దామని చెయ్యి పెట్టాను. చెయ్యి రాలేదు. స్టోర్ కీపర్ని, సంతకమున్న కాగితం ఎలా చింపను?

ఆ కోపంలో ఘనీ తలుపు బాదాను. "ఉప్పు పప్పు కలిసి తిన్నోళ్లం, నువ్వే టికెట్లు కొట్టి నాకు చెప్పవా?"

ఘనీ టీ తాగుతూ కూర్చున్నాడు. "ఏ ఊరికని నువ్వు అడగలా కదన్నా. అడిగింటే చెప్పుంటా. నీకూ ఒక టికెట్ చూసిపెట్టమని అక్క రెండుసార్లు అడిగింది. సరేలే, ఆయన లీవు ఆఫీసులో వేరేవాళ్లకు ఇచ్చేసినాడంట అని మళ్లీ ఆమే వద్దనింది."

అంటే ఆ సంగతి కూడా భాగ్యలక్ష్మికి తెలుసన్నమాట. జమాలుద్దీన్ నన్ను పుణ్యాత్ముడని పొగడడానికి మా ఇంటికే ఫోన్ చేశాడట.

ఆదివారం బుక్రా సార్ ముందు నిలబడ్డాను. అయిదు రోజుల లీవు చాలన్నాను, నది దాటడం చూసి వచ్చేస్తానన్నాను. ఆయన సొరుగులోంచి నేను రాసిచ్చిన కాగితం తీసి, నేను పుస్తకం తోసినట్టే నా ముందుకు తోశాడు. సంతకం నీదేనా అన్నాడు. నాదే అన్నాను. పోనీ జమాలుద్దీన్ వచ్చాక ఇస్తారా అన్నాను. బుక్రా అన్నాడు.

మంగళవారం స్టోర్లో ఫిల్టర్ల మధ్య కూర్చుని ఉంటే రవళి వీడియో కాల్ చేసింది. ఫోను నది వైపు తిప్పింది. ఒడ్డు కనబడకుండా గొడ్లు. ముందున్నది ముందుకాళ్లు ఎత్తింది. అంతే, బొమ్మ ఆగిపోయింది. సిగ్నల్ పోయింది, మాటలు మాత్రం వినబడుతున్నాయి. నీళ్ల చప్పుడు, రవళి కేకలు, మధ్యలో భాగ్యలక్ష్మి నవ్వు. పదకొండేళ్లలో రియాద్‌లో ఆ నవ్వు నేను వినలేదు.

"చూస్తున్నవా డాడీ?"

నా ఫోన్లో ఒక గొడ్డు గాల్లో కాళ్లు పెట్టుకుని నిలబడి ఉంది.

"చూస్తున్న బిడ్డా. మస్తుంది," అన్నాను.

నా మీద నాకు కోపం అప్పుడొచ్చింది. మిగతా అందరి మీదా వచ్చిన దానికంటే ఎక్కువే వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక, ఫిల్టర్ అడగడానికొచ్చిన మల్లేశం మీద చూపించాను. పాపం, సంతకం చేయకుండానే వెళ్లిపోయాడు.

కాసేపటికి భాగ్యలక్ష్మి ఫోను తీసుకుంది.

"ఏమే, వచ్చే ఏడు పిల్లకు సెలవులియ్యంగనే ముగ్గురం కలిసి పోదమా? లీవు ఇప్పుడే రాసిపెడత. ఆషాఢమైనా సరే, ఏదైనా సరే."



"పోదాం, ఎందుకు పోం," అంది భాగ్యలక్ష్మి. "సీజన్ చూసి పోదాం."