తూముల వీధికి ముప్పై ఎనిమిది మీటర్లు

బ్రాందీ షాపుకీ అంగన్‌వాడీకీ మధ్య ముప్పై ఎనిమిది మీటర్లు తక్కువ పడ్డాయని తేలాక, మర్లంక మున్సిపాలిటీ వాళ్ళు ఒక బుధవారం పొద్దున ఆ ముప్పై ఎనిమిది మీటర్లూ ట్రాక్టరులో వేసుకొచ్చి తూముల వీధిలో దించారు. చుట్టలు చుట్టి, పురికొస కట్టి, ఒక్కో చుట్ట మీద సున్నంతో నంబరు వేసి మరీ తెచ్చారు. కొలతల మనిషి సారంగపాణి ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దని వీధి వాళ్ళకి చెప్పాడు. మున్సిపాలిటీ మనిషి అంత మాట అనడం ఆ వీధి పుట్టాక అదే మొదలు. అందరూ ఆశ్చర్యపోయింది దానికే.

అర్జీ పెట్టింది ఎస్తేరురాణి. ఆ అంగన్‌వాడీకి పదకొండేళ్ళుగా ఆవిడే టీచరు. షాపు పొద్దున పదింటికి తెరిస్తే, పదిన్నరకల్లా ఎవడో ఒకడు కేంద్రం మెట్ల మీద వాలిపోయేవాడు. పిల్లలు వాణ్ణి దాటుకుని లోపలికి రావాలి. లెక్కలు నేర్పడానికి చింతపిక్కలు తెమ్మంటే సీసా మూతలు తెచ్చారు. తల్లులు చూసి చూసి పిల్లల్ని మాన్పించసాగారు. ఇరవై ఆరుమంది కాస్తా పదిహేడయ్యారు. పదిహేనుకి తగ్గితే కేంద్రం ఎత్తేసి రైలుకట్ట అవతల కేంద్రంలో కలిపేస్తారు. కూలికి పోయే తల్లులు అంత దూరం తీసుకెళ్ళి దింపగలరా? పిల్లలు ఇక షాపు ముందే పెరుగుతారు. ఎస్తేరురాణికి తిన్నా, పడుకున్నా అదే బెంగ.

అందుకే నిబంధనల పుస్తకం చూసి, షాపుకీ కేంద్రానికీ నూరు మీటర్ల దూరం ఉండేలా చేయవలసిందని అర్జీ రాసింది. ముప్పై ఆరుమంది చేత సంతకాలు పెట్టించింది. చివర్లో కేంద్రం గుండ్రటి సీలు గుద్దింది. సీలు లేని కాగితం పకోడీల పొట్లానికి తప్ప పనికిరాదని మర్లంకలో చంటిపిల్లకైనా తెలుసు. ఆ సీలే తన కొంప ముంచుతుందని ఆవిడకి అప్పుడు తెలీదు.

టౌన్ ప్లానింగ్ అధికారి చిదంబరరావు నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి మాట్లాడాడు.

"షాపు కదలదమ్మా. లాటరీలో వచ్చిన షాపు. ఫైల్లో ఎక్కడుంటే అక్కడే ఉండాలి. వీధంటారా, అది మనదే. ఎంత కావాలంటే అంత పొడిగించుకుందాం."

"షాపు తీసెయ్యమనండీ మేం అడిగేది."

"అర్జీలో అలా లేదుగా టీచరుగారూ. దూరం అడిగారు. ఇస్తున్నాం."

ఇచ్చాడు కూడా. పదేళ్ళ కిందట మెయిన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇళ్ళ నుంచి కోసిన మీటర్లు మున్సిపాలిటీ గోడౌనులో మూలుగుతున్నాయి. ఎలకలు కొట్టేసినవి పోగా ఇరవై పనికొచ్చాయి. మిగతా పద్దెనిమిదీ ప్రజల భాగస్వామ్యం కింద సమకూర్చుకోవాలని కౌన్సిల్ తీర్మానించింది. అర్జీ పెట్టినవాళ్ళే లబ్ధిదారులు గనక, సంతకానికి అర మీటరు చొప్పున వాళ్ళ ఇళ్ళ నుంచే తీశారు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక్క పెచ్చు ఊడలేదు, ఒక్క పెంకు జారలేదు. గోడలు కాస్త దగ్గరికొచ్చాయి, అంతే. ఎస్తేరురాణి ఇంట్లో మంచం అడ్డంగా పట్టక నిలువుగా వేసుకున్నారు.

కేంద్రానికి షాపు వైపు రెండు గుమ్మాల అవతల వీధిని తెగ్గోసి, తెచ్చిన చుట్టలు చాపల్లా పరిచి, అతుకుల్లో సిమెంటు పూశారు. గోడౌను సరుకులో ఎర్ర గచ్చు ముక్క ఒకటుంది. వీరాస్వామి అనే ముసలాయన దాన్ని చూసి, "ఇది మా అరుగే" అని గుర్తుపట్టాడు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం వచ్చి కాసేపు దానిమీద కూర్చుని వెళ్ళేవాడు. ఎవరూ వద్దనలేదు.

పన్నెండు రోజులు కేంద్రం మెట్లు శుభ్రంగా ఉన్నాయి. ఎస్తేరురాణి ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత తాగేవాళ్ళకి ఓ సంగతి తెలిసొచ్చింది. కొత్తగా పరిచిన వీధిలో ఎవరి గుమ్మమూ లేదు, తిట్టే ఆడమనిషి లేదు. అంతకంటే హాయైన చోటు ఊరు మొత్తం గాలించినా దొరకదు. రెండు వైపులా బారులు తీరి కూర్చున్నారు. ఆ బారు పెరిగి పెరిగి మళ్ళీ కేంద్రం మెట్ల దాకా వచ్చింది. షాపు వాళ్ళు కూడా ఖాతాదారులకి ఎండ తగలకుండా ముందుకి రేకుల షెడ్డు దించారు. షెడ్డు నాలుగు మీటర్లు. షెడ్డు కూడా షాపు కిందే లెక్క. నూరు మీటర్లు తొంభై ఆరయ్యాయి.

ఎస్తేరురాణి మళ్ళీ అర్జీ రాసింది. సంతకాలకి గుమ్మం గుమ్మానికీ తిరిగితే తలుపులు వేసుకున్నారు. "ఇంకో అర మీటరు పోతే పొయ్యి వీధిలో పెట్టుకోవాలమ్మా, మమ్మల్నొదిలెయ్," అన్నారు. కేంద్రంలో ఆయా బుల్లెమ్మ మాత్రం, "నాకు సంతకం రాదు కదండీ, వేలిముద్రకి ఎంత తీస్తారో కనుక్కోండి," అంది. ఎంతైనా తీస్తారని తెలిసి, ఎస్తేరురాణి ఆమెని వద్దంది. తనొక్కతే సంతకం చేసి, అలవాటు కొద్దీ సీలు గుద్ది ఇచ్చింది.

"మీ బాధ కౌన్సిల్లో పెట్టానమ్మా. ఏకగ్రీవంగా సానుభూతి తీర్మానించారు," అన్నాడు చిదంబరరావు. తర్వాత కాగితం తిప్పి చూపించాడు. "నాలుగు మీటర్లు కొరత. గోడౌను ఖాళీ. అర్జీదారు ఒక్కరే. సీలు కేంద్రానిది గనక లబ్ధిదారు కేంద్రమే. గది వెడల్పెంత?"

"అయిదు మీటర్లండీ. అద్దె గదండీ అది."

"అద్దెదైతేనేం. వాడుకుంటున్నది మీరేగా."

ఆవిడ కాగితం మీదికి చేయి చాచింది. "అర్జీ వెనక్కి తీసుకుంటానండీ."

"తీసుకోండి. మీ ఇష్టం. కానీ కొరత ఉన్నట్టు రికార్డెక్కింది. షాపు ఎలాగూ కదలదు. కదలగలిగింది కేంద్రమే. రైలుకట్ట అవతలికి రాసేస్తాను," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, వెటకారమూ లేదు. నిజంగానే ఆవిడ ఇష్టానికి వదిలేశాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా! ఎస్తేరురాణి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది. మర్నాడు సారంగపాణి వచ్చి, పిల్లలు నిద్రపోతుంటే లేపకుండా, చప్పుడు లేకుండా నాలుగు మీటర్లు తీసుకుపోయాడు. పిల్లలు లేచేసరికి గది ఒక్క మీటరు వెడల్పుంది.

మొదటి రోజు ఏడ్చారు. రెండో రోజు నుంచి ఒకరి వెనక ఒకరు, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చోవడం నేర్చుకున్నారు. ఆ వయసు పిల్లలకి ఏది నేర్పితే అది వస్తుంది. గుమ్మం దగ్గర బుల్లెమ్మ గుడ్డు అందిస్తే, చేయి మారుతూ చేయి మారుతూ చివరి పిల్లకి చేరేది. తనిఖీకొచ్చిన సూపర్‌వైజరు లోపలికి పట్టక గుమ్మంలోనే నిలబడి, పిల్లలు క్రమశిక్షణతో ఒకే వరసలో ఉన్నారని రాసి వెళ్ళింది. హాజరు పదిహేడు. ఒక్కరు తగ్గలేదు.

ఆ నెలాఖరున ఎస్తేరురాణి సెల్లు మోగింది. అర్జీల విభాగం నుంచి, రికార్డు చేసిన గొంతు.

"మీ సమస్య పరిష్కారమైనది. మీరు తృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి. తృప్తి చెందనట్లయితే రెండు నొక్కండి. రెండు నొక్కినచో మరల కొలతలు తీసి, కొరత పూరించబడును."

ఆవిడ ఫోను పట్టుకుని గుమ్మం బయటికొచ్చింది. మెట్ల మీద ఒకడు బోర్లా పడి ఉన్నాడు. వీధి ఆ చివర షెడ్డుకి కొత్తగా గోనె పరదా కట్టారు. చూరు ఇంకాస్త ముందుకొచ్చింది. ఆ దారినే పోతున్న సారంగపాణి ఆవిడ చూపు కనిపెట్టి ఆగాడు. ఎన్నేళ్ళుగానో కొలుస్తున్న మనిషి, టేపు తీయనక్కర్లేదు.

"మీటరుంటుందండీ," అన్నాడు. "సరిగ్గా మీటరే."

ఎస్తేరురాణి వెనక్కి తిరిగి గది చూసింది. గొంతు మళ్ళీ మొదటినుంచీ అప్పజెబుతోంది. రెండు అంకె మీదికి పోయిన బొటనవేలు కాసేపు అక్కడే ఉంది. ఆవిడ దాన్ని పక్కకి జరిపింది. ఒకటి నొక్కింది. ధన్యవాదములు అని చెప్పి ఫోను ఆగిపోయింది.

లోపల పిల్లలు ఇంటి బొమ్మ వేసే పనిలో ఉన్నారు. ముందున్న పిల్ల పలక ఎత్తి చూపించింది. పలక మీద పైనుంచి కిందికి ఒకటే గీత. వెనకవాడిదీ అంతే, వాడి వెనక పిల్లదీ అంతే. పదిహేడు పలకలూ చేతులు మారి గుమ్మం దగ్గరికొచ్చాయి. ఎస్తేరురాణి సుద్దముక్క తీసుకుని, అన్నిటికీ రైటు కొట్టి వెనక్కి పంపింది.