మెకానిక్ దగ్గర రాని చప్పుడు

ఆ ఉదయం సబాతినో అనుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, తండ్రి వదిలిపోయిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారును బయటికి తీసి, చర్చి దాకా ఒకసారి నడిపి రావాలి. ఆదివారం కూతురు మిరెల్లాను పెళ్లికి అందులోనే తీసుకువెళతానని వీధంతా చెప్పుకున్నాడు. అది కదలకపోతే తన కొత్త జర్మన్ కారు ఇస్తానని పక్కింటాయన, దొనాతో అనే అతను, ముందే జాలిపడ్డాడు. ఆ జాలి సబాతినోకు గొంతులో ముల్లులా ఉంది.

గేటు దాటి కుడివైపు తిప్పగానే ముందు చక్రం గర్ర్‌మంది. వంగి చూస్తే చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏంట్రా ఆ చప్పుడు?" అని బాల్కనీ నుంచి తల్లి అసుంతా అడిగింది.

"టైరు ఎక్కడో రాసుకుంటోందమ్మా."

"ఎవడి కన్ను పడిందో."

"కన్నూ లేదు, కాకరకాయా లేదు. ఏదో అరిగుంటుంది." సబాతినో బళ్లో భౌతికశాస్త్రం చెబుతాడు. ఆ ఇంట్లో దిష్టి అన్న మాట నిషేధం.

మర్నాడు మెకానిక్ నుంజియో దగ్గరికి బయలుదేరితే దారంతా కారు పిల్లిలా నడిచింది. నుంజియో కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. ఏ చప్పుడూ లేదు.

"చప్పుడు మీ చెవిలో ఉందేమో మాస్టారూ."

ఇంటికి తెచ్చిన మర్నాడే మళ్లీ గర్ర్. ఈసారి ఇంకా గట్టిగా. నుంజియో సన్నటి టైర్లు వేశాడు. అతని షెడ్డులో అంతా నిశ్శబ్దం, ఇంటి దగ్గర గర్ర్. ముందుభాగం ఎత్తు పెంచాడు. ఇంటి దగ్గర గర్ర్‌తో పాటు టకటక కూడా మొదలైంది.

పక్కింటి దొనాతో గోడ మీద మోచేతులు ఆనించాడు. "మాస్టారూ, మీ కారు ముక్కు అలా పైకెత్తిందేంటి? తుమ్ముతుందా?"

సబాతినోకు మతి పోయింది. లోపం కారుదా, వీధిదా, తనదా? చివరికి ఎడమ మలుపులు మాత్రమే ఉండేలా ఊరంతా చుట్టి చర్చికి చేరే దారి కనిపెట్టాడు. కానీ గేటు దగ్గర ఒక్కసారి కుడికి తిప్పక తప్పదు.

ఆదివారం వీధంతా చూస్తుండగా మిరెల్లా తెల్లగౌను సర్దుకుని పక్కన కూర్చుంది. సబాతినో ఊపిరి బిగబట్టి కుడికి తిప్పాడు. డబడబా డోలు వాయించినట్టయింది. కొత్త సూటుతోనే నేలమీద పడుకుని చక్రం వెనక్కి చెయ్యి పెట్టి లాగాడు. చిరిగిన నల్లగుడ్డ మూటలు బయటికొచ్చాయి. వాటిలో దిష్టి తగలకుండా కట్టే ఒక చిన్న ఎర్ర కొమ్ము, ఒక పెద్ద ఎర్ర కొమ్ము, వెల్లుల్లి జడ.

"అమ్మా!"

"ఆ దొనాతో మన కారును పొగిడిన రోజు చిన్నది కట్టాను," అంది గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న అసుంతా తాపీగా. "అయినా చప్పుడొచ్చింది. దిష్టి గట్టిదనుకుని పెద్దది కట్టాను. అదీ చాల్లేదని వెల్లుల్లి చేర్చాను."

"మరి నుంజియోకి ఎందుకు కనబడలేదు?"

"నువ్వు అక్కడికి వెళ్లేముందు విప్పేసి, తిరిగొచ్చాక కట్టేదాన్ని. పరాయి చెయ్యి తగిలితే మహిమ పోతుందిగా."

"చప్పుడు చేసింది ఇవేనమ్మా, ఇవే!" అంటూ అన్నీ ఆమె ఒళ్లో పడేసి, విజయగర్వంతో తాళం తిప్పాడు.

ఇంజను దగ్గిందే తప్ప అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. అదే దగ్గు. చర్చి గంటలు మొదలయ్యాయి. దొనాతో జేబులోంచి తన కారు తాళాలు తీసి గలగలలాడించాడు.

"కంగారులో యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కారు, ఇంజన్లో పెట్రోలు నిండిపోయింది, కాసేపు ఆగండి," అన్నాడు పెళ్లికొచ్చిన నుంజియో. అసుంతా మాత్రం చిన్న కొమ్మును కొడుకు ముందుకు చాపింది.

"పుచ్చుకో నాన్నా, నీకు దణ్ణం పెడతా," అంది మిరెల్లా ఏడుపు గొంతుతో.

సబాతినో ఎవరి మొహమూ చూడకుండా దాన్ని జేబులో వేసుకుని తాళం తిప్పాడు. కారు ఒక్కసారిగా గర్జించి, ఏ గర్ర్ లేకుండా కుడికి తిరిగింది.

సోమవారం తరగతిలో ప్రతి శబ్దానికీ ఒక భౌతిక కారణం ఉంటుందని పాఠం చెబుతున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.